ఒక్క బ్రేకర్ కింద

షార్జా, పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
ఆగస్టు నెల, అర్ధరాత్రి దాటింది.
షట్టరు సగం దించి
నల్ల ల్యాండ్‌క్రూజర్ చుట్టు తిరుగుతున్న.
పొద్దున ఏడింటికి అప్పజెప్పాలె.

అటొక స్టాండు, ఇటొక స్టాండు,
స్టాండుకు రెండేసి హాలోజన్లు.
వెలుగు కన్నా సెగ ఎక్కువ.
రాసిన మైనం రాసినట్టే పెచ్చుగడుతది,
మోచెయ్యి తగిలితే తోలు అంటుకుంటది.
పాలిషర్ తిరుగుతనే ఉన్నది,
లోపల సీట్ల కాడ నాంపెల్లి వాక్యూమ్ పెట్టిండో లేదో

టప్పుమన్నది.

చీకటి తర్వాత తెలిసింది.
ముందుగాల చెవులు ఖాళీ అయినయి.

ఆ ఖాళీల వినవడ్డది
ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు.
పై గదుల నుంచి ఒకరెన్క ఒకరు ఎనిమిది మంది,
దిండ్లు చంకల వెట్టుకొని,
బనీన్లు వీపుకు అతుక్కొని.
నాలుగింటికి టైర్ల షాపుల డ్యూటీ ఎక్కేటోళ్లు.
ఎవ్వరు తిట్టలే.
ఇస్రాఫిల్ ఒక్కడు మెట్టు మీద కూలవడి
"ఫిర్ సే, వెల్దండి భాయ్?" అన్నడు.

వెల్దండి మా ఇంటిపేరు.
పాస్‌పోర్టుల ముందు అచ్చయింది కాబట్టి
ఇక్కడ నా వంశమంతా నేనే.

మూడేండ్ల సంది నాకు తెల్వదు,
కింద గ్యారేజీకి, పైన గదికి తీగె ఒక్కటేనని.
నా వెలుగు
వాళ్ల నిద్రల నుంచి గుంజుకొస్తున్నదని.

"ఇరవై బ్రేకర్ తీసి ముప్పై రెండుది పెట్టు,
పంచాది ఒడుస్తది" అన్నడు ఫోర్‌మన్.
బ్రేకర్ పెద్దగైతే గోడల తీగె లావైతదా సారూ?
సిరిసిల్లల సాంచెలు నడిపినోన్ని నేను.
గోడ లోపల తీగె కాలే వాసన
నాకు పొగ కంటె ముందు తెలుస్తది.

టార్చి నోట్ల కరుచుకొని, అట్టముక్క మీద లెక్క:
పాలిషర్ పన్నెండొందలు.
వాక్యూమ్ పద్నాలుగొందలు.
హాలోజన్లు నాలుగు, రెండు వేలు.
పైన ఏసీ పద్దెనిమిదొందలు.
రెండువందల నలభైతోని భాగిస్తే
ఇరవయ్యారు దాటింది.
ఒక్క మనిషి నెత్తిన ఇద్దరి మూట.

శుక్రవారం రోలాకు పోయిన,
సంచిల ఒక పగిలిన సైడద్దం డొప్ప, నల్లది.
ఒక్కొక్క ఎల్ఈడీ కింద దాన్ని తిప్పి తిప్పి చూస్తుంటె
దుకాణం మూసక్కోయ నవ్విండు,
పిల్లను చూడ వచ్చినవా అని.
అన్నిట్ల పెద్దది కండ్లల్ల కొట్టింది,
నలుపును సున్నమేసినట్టు చేసింది, గీత దాసింది.
ఇంకోటి నీలం. దానికింద నా చెయ్యే
శవం చెయ్యి లెక్క కనవడ్డది.
యాభై వాట్ల చిన్నదాన్ని పక్కకు వంచి పట్టిన,
డొప్ప మీద సాలెగూడు లేచింది.

సాంచెల కాడ తాను చూసే గుమస్తా కూడ గంతే,
బట్టను వెలుగుకు ఎదురు పెట్టడు, ఏటవాలుగ పెడతడు.
తప్పిన పోగు నీడల దొరుకుతది.

రెండు కొన్న. నూటడెబ్బై దిర్హములు.
బిల్లు ఫోర్‌మన్ జేబులకు పోయింది,
పైసలు ఇంక రాలే.

ఆ రాత్రి కొత్త లైటు బానెట్ మీద వంచిన.
సుడులు. సుడుల మీద సుడులు.
ఇవి రోడ్డు దుమ్ము గీసినయి గావు,
పోయినసారి నేను పట్టిన పాలిషర్ దారులే.
మెరుస్తున్నదని సంబురపడి
తాళం చెవి అందిచ్చిన బండే ఇది.
ఎన్ని బండ్లు గిట్ల పంపిన్నో.
చాలాసేపు బట్ట చేతిల పట్టుకొని నిలవడ్డ.

మల్ల మొదటి సంది మొదలువెట్టిన.
పాలిషర్ నడిచినంతసేపు వాక్యూమ్ ముట్టద్దని
నాంపెల్లికి చెప్పిన. వాడు కునుకుతీసిండు.

రెండయింది, మూడయింది.
గోడవారంగ బకెట్ల
పై ఏసీ నీళ్లు పడుతున్నయి, ఆగకుంట,
ఒక్కొక్క చుక్క.
వింటున్న.
ఎనిమిదిమంది నిద్ర నిండుతున్నది.